మధ్యలో రెండు అంకెలు

సోమవారం మహిమ ఆటో దిగేసరికి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో లారీలు తూచే కాటా దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. రైతులు, హమాలీలు, గుమస్తాలు. వాళ్ళ మధ్య ఒక మనిషి నడుముకున్న తాళాల గుత్తి విప్పుతున్నాడు. గుత్తి కొక్కెం బెల్టుకు బిగుసుకుపోయి ఎంతకీ రావడంలేదు. ఎవరూ చెయ్యి సాయం పట్టలేదు. చివరికి బెల్టే ఊడదీసి, దాన్నుంచి గుత్తి జార్చి, ఎదురుగా నిలబడ్డ యజమాని చేతిలో పెట్టి, అందరి ముందే మళ్ళీ బెల్టు బిగించుకున్నాడు. బిగించుకుంటున్నంతసేపూ తల దించలేదు. ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూనే ఉన్నాడు.

"నా తేజ మిరపకాయ నాశనం చేశావు కదరా. ఇంటికి పోయేటోడివి మిషను వేసి పోయుంటే ఏం పోయేది?" అన్నాడు ఒక రైతు. అతని పేరు బుల్లయ్య, అద్దంకి దగ్గర పల్లె. తలపాగా గుడ్డ తీసి చేతిలో నలుపుతున్నాడు.

తాళాలిచ్చిన మనిషి గేటు దగ్గరున్న వాచ్‌మన్ గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. పోలీసు కంప్లయింటు రాసేదాకా అక్కడే ఉండమన్నారట.

యజమాని చైతన్యకృష్ణ మహిమను ఆఫీసులోకి తీసుకెళ్ళి జరిగింది చెప్పాడు. ఆయనకు నలభై ఏళ్ళు కూడా ఉండవు. గొంతు పెంచకుండా, ఒక్కో మాటా తూచి మాట్లాడే మనిషి. ఈ కోల్డ్ స్టోరేజీలో అయిదు చాంబర్లు, ఒక్కో చాంబరుకు అయిదు అంతస్తులు. ప్రతి అంతస్తులోనూ గోడకు ఒక చిన్న తెర ఉన్న బోర్డు. అమోనియా గ్యాసు లీకైతే ఎవరైనా ఆ తెర మీద ఎర్ర గడి నొక్కొచ్చు. నొక్కగానే మిషన్ రూములో కంప్రెసర్లన్నీ ఆగిపోతాయి. శనివారం మధ్యాహ్నం అవి అలాగే ఆగిపోయాయి. ఆ సమయానికి మెకానిక్ ముస్తాక్, ఇందాక తాళాలిచ్చిన మనిషి, అయిదో చాంబరు రెండో అంతస్తులో ఫ్యాను బాగుచేస్తున్నాడు. పని కోసం అతనే ఆపాడని, అయ్యాక అతనే వేయమంటాడని మిషన్ రూములో మనిషి ఊరుకున్నాడు. ముస్తాక్ సాయంత్రం ఇంటికి వెళ్ళిపోయాడు. తెల్లారి చూస్తే లోపల చలి విరిగిపోయి టిక్కీలకు, అంటే మిరపకాయ బస్తాలకు, చెమట పట్టింది. ఎర్రటి కాయ రంగు పోయి తాలుగా మారడానికి అంతకంటే ఏం కావాలి?

"తను నొక్కనే లేదంటాడు. మీ కంపెనీ పెట్టె మాత్రం ఎక్కణ్ణించి నొక్కారో రాసిపెట్టుకుంది," అన్నాడు చైతన్యకృష్ణ. "మీరు అది చూసి, నిజమేనని సంతకం పెట్టిన రిపోర్టిస్తే బుధవారం కంప్లయింటుకి జతచేస్తాను."

ఆ పని మీదే మహిమ వచ్చింది. మిషన్ రూములో ఉన్న కంట్రోల్ పెట్టె ఆమె పనిచేసే హైదరాబాదు కంపెనీది. ఇంజినీర్లలో ఆమె ఒక్కతే ప్రత్తిపాడులో ఇంటినుంచి పనిచేస్తోంది కాబట్టి, దగ్గరని ఆమెను పంపారు.

మిషన్ రూములో అమోనియా వాసన, కంప్రెసర్ల రొద. మహిమ లాప్‌టాప్‌ను పెట్టెకు తగిలించి లాగ్ తెరిచింది. పెట్టె లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కెర్నెల్ గుండెకాయ లాంటిది. ఏ తీగ మీదుగా ఏ కబురు వచ్చినా ముందు దాని చెవినే పడుతుంది. ముఖ్యమైనవన్నీ అది ఈ లాగ్‌లో వరసగా రాసుకుంటుంది. శనివారం నాటి లైను ఒక్కటే ఉంది. ఆపమని కోరిన చిరునామా: 10.5.2.10.

చిరునామాలు అర్థం చేసుకోవడం ఈ చోట తేలిక. అన్నింటికీ మొదట పది, చివర పది. మధ్య ఉన్న రెండు అంకెల్లో మొదటిది చాంబరు, రెండోది అంతస్తు. అయిదో చాంబరు, రెండో అంతస్తు. ముస్తాక్ ఉన్నచోటే.

మహిమ ఆ లైనుకు ఫోటో తీసుకుని, రిపోర్టు సగం అక్కడే టైపు చేసింది. గేటు దాకా వచ్చాక, ఒకవైపు మాటే రాసుకుని వెళ్ళడం బాగోలేదనిపించి వాచ్‌మన్ గదిలోకి తొంగిచూసింది. ముస్తాక్ బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. తను ఎవరో చెప్పింది.

"మీ పెట్టె అబద్ధమాడుతోందమ్మా," అన్నాడతను, లేవకుండానే. "నొక్కితే నొక్కానని చెప్పడానికి నాకేం భయం? పని కోసం ఎన్నిసార్లు ఆపలేదు? ఆ రోజు ఆ బోర్డుకి కరెంటే లేదు. ఫ్యాన్ వైరు దాని పక్కనుంచే పోద్ది. షాకు కొట్టుద్దని ఫ్యూజు నేనే పీకి జేబులో వేసుకున్నా. కరెంటు లేని బోర్డు కబురెట్టా పంపిద్ది?"

"ఈ మాట సార్‌కి చెప్పారా?"

"చెప్పా. పనయ్యాక ఫ్యూజు పెట్టి నొక్కి ఉంటావన్నారు. ఇంక నేనేం చెప్పను?"

మహిమ బయటికి వచ్చింది. ఫ్యూజు పీకిన సంగతి ఎక్కడా నమోదు కాదు. ఒకవైపు అతని మాట, ఇంకోవైపు తన పెట్టె రాసిన లైను. ఆ రెండింటిలో తను నమ్మాల్సింది ఏదో ఆమె చదువు చెబుతూనే ఉంది. కానీ అబద్ధమాడే మనిషి ఇంత సులభంగా దొరికిపోయే అబద్ధం చెబుతాడా అన్న అనుమానం ప్రత్తిపాడు చేరేదాకా వదల్లేదు.

మంగళవారం ఉదయం మళ్ళీ వచ్చింది. పెట్టెను పరీక్ష పద్ధతిలో పెడితే, బోర్డులో ఎర్ర గడి నొక్కినా కంప్రెసర్లు ఆగవు. కబురు మాత్రం వచ్చి లాగ్‌లో చేరుతుంది. అలా పెట్టి, వాచ్‌మన్ ఇచ్చిన కంబళి కప్పుకుని, అయిదో చాంబరు తలుపు తోసింది. చలి మొహాన కొట్టింది, దానికంటే ముందు ఘాటు. నాలుగు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుని, చెక్కమెట్లెక్కింది. నేల కూడా చెక్కలే, సందుల్లోంచి కిందంతస్తు టిక్కీలు కనపడుతున్నాయి. రెండో అంతస్తు బోర్డుకు ఇప్పుడు కరెంటు ఉంది. ఎర్ర గడి నొక్కింది.

మిషన్ రూముకి వచ్చి చూసింది. కొత్త లైను వచ్చింది: 10.2.5.10.

తను అంతస్తు తప్పిందేమో అనుకుంది. మళ్ళీ వెళ్ళింది. తలుపు మీద పెద్ద అక్షరాలతో అయిదు అని ఉంది. మెట్ల మలుపులో రెండు అని ఉంది. మళ్ళీ నొక్కింది. వచ్చి చూసింది. మళ్ళీ అదే, రెండో చాంబరు అయిదో అంతస్తు.

మహిమ కంబళి తియ్యకుండానే మిషన్ రూములో నేల మీద కూర్చుని, కెర్నెల్ మూలరచన, అంటే సోర్సు కోడు, తెరిచింది. కబురు అందుకునే ముక్క వాళ్ళ కంపెనీ రాసింది కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, అందరూ వాడుకునే కెర్నెల్‌లో భాగం. వెతికి వెతికి ఆ లైను పట్టుకుంది. చిరునామాను అచ్చువేయమని చెప్పే చోట ఒక చిన్న గుర్తు ఉంది: పర్సెంట్, పీ, ఐ, నాలుగు. ఇది చూడగానే కెర్నెల్ ఆ నాలుగు అంకెల్నీ తీగ మీద వచ్చిన వరసలోనే ఉన్నాయనుకుని చుక్కలు పెట్టి రాస్తుంది. కానీ పై లైనులోనే ఎవరో ఆ చిరునామాను కంప్యూటరు తనలో దాచుకునే వరసలోకి మార్చేశారు. ఈ రకం కంప్యూటర్లు చివరి అంకెను ముందుంచి దాచుకుంటాయి. అలా మార్చినప్పుడు గుర్తు చివర 'హెచ్' అనే అక్షరం తగిలించాలి. తగిలించలేదు. దాంతో ప్రతి చిరునామా వెనకనుంచి ముందుకు అచ్చవుతోంది.

వేరేచోట అయితే మొదటిరోజే బయటపడేది. ఇక్కడ అటుచివరా ఇటుచివరా పదే. తిరగేసినా బుద్ధిగా ఉన్న చిరునామాలాగే కనపడుతుంది. పెట్టె బిగించినప్పుడు కంపెనీ వాళ్ళు ఒకటో చాంబరు ఒకటో అంతస్తులో నొక్కి చూసి, సరిగ్గానే వచ్చిందని వెళ్ళిపోయారు. ఒకటిని ఒకటితో తారుమారు చేస్తే ఎవరికి తెలుస్తుంది?

అంటే శనివారం కబురు వచ్చింది రెండో చాంబరు అయిదో అంతస్తు నుంచి. మహిమ లేచి అటు పరిగెత్తింది.

అయిదో అంతస్తు అన్నిటికంటే పైది, దాని మీద కప్పే. టిక్కీల మధ్య దారిలో ఒక ప్లాస్టిక్ బకెట్టు సగానికి నిండి ఉంది. బోర్డు మీద నీటి చారికలు. ఆమె నిలబడి చూస్తుండగానే కప్పు పగులు నుంచి ఒక చుక్క జారి తెర మీద పడింది. తెర ఒక్కసారి వెలిగింది, వేలు తగిలినట్టే. ఇంకో చుక్క గడికి పక్కగా పడింది. మరొకటి ఇంకాస్త ఇవతల. శనివారం గుంటూరంతా కుండపోత.

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గట్టిగా తుమ్మింది.

బయటికొచ్చి హైదరాబాదులో ఉన్న తన పై అధికారి త్రినాథ్‌కు ఫోను చేసి అంతా చెప్పింది. ఆయన మెల్లిగా, ఈ సంగతి బయటపడితే ఈ కోల్డ్ స్టోరేజీయే కాదు, నరసరావుపేట, ఒంగోలు వైపు అడుగుతున్నవాళ్ళు కూడా వెనక్కి పోతారన్నాడు. ఆ లైను మనం రాయలేదు, వచ్చే అప్‌డేట్‌లో సైలెంటుగా సరిచేసేద్దామన్నాడు.

"రిపోర్టులో 'లాగ్ ప్రకారం' అని మాత్రం రాయి మహిమా. అది అబద్ధం కాదుగా."

"కాదు సార్. అబద్ధం కాకుండానే తప్పు చెయ్యని మనిషి మీద నింద వేస్తుంది. అందుకే రాయలేను," అంది.

ఆయన గొంతు మారింది. సాయంత్రం లోగా ఆలోచించుకోమని, ఉద్యోగం సంగతి కూడా అందులో కలిపి ఆలోచించుకోమని పెట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి తల్లి జయకుమారి బడినుంచి వచ్చి వాకిట్లో మొక్కలకు నీళ్ళు పోస్తోంది. క్రైస్తవ మిషనరీ స్కూలు టీచరు ఆవిడ. కూతురి చున్నీ నిండా ఉన్న మిరపదుమ్ము చూసి, లాక్కుని దులిపి, తనూ తుమ్మి, ఏమైందని అడిగింది. మహిమ గుమ్మం మెట్టు మీద కూర్చుని, ఫోను చేతిలో తిప్పుతూ, మొదటినుంచీ చెప్పింది. కెర్నెల్ సంగతి ఆవిడకు ఎంత అర్థమైందో గానీ, బెల్టు ఊడదీసిన సంగతి దగ్గర చెంబు కింద పెట్టేసింది.

"చుక్క పడటం నువ్వు నీ కళ్ళతో చూశావా?"

"చూశానమ్మా."

"మరి ఇంకా ఎవరినడగాలని ఆ ఫోను పట్టుకుని కూర్చున్నావే?" అంది జయకుమారి, చెంబు మళ్ళీ అందుకుంటూ.

బుధవారం పొద్దున మహిమ నేరుగా చైతన్యకృష్ణ గదిలోకి వెళ్ళింది. కంప్లయింటు కాగితం టేబుల్ మీద సిద్ధంగా ఉంది. అది పోలీసులకిచ్చే ముందు ఒక్కసారి మిషన్ రూముకి రమ్మని, ముస్తాక్‌ను కూడా పిలిపించమని అడిగింది. సరుకు చూసుకోడానికి వచ్చిన రైతులు నలుగురైదుగురు కూడా వెంట వచ్చారు. ముస్తాక్ లోపలికి రాకుండా గడప దగ్గర ఆగిపోయాడు.

"సార్, మా పెట్టె చిరునామా తిరగేసి రాస్తోంది. నా మాట నమ్మక్కర్లేదు. ఇతని మీద అందరికంటే కోపం ఎవరికో వాళ్ళే పరీక్ష చేయాలి," అంది మహిమ. అందరూ బుల్లయ్య వైపు చూశారు.

ఆమె పెట్టెను మళ్ళీ పరీక్ష పద్ధతిలో పెట్టి అతనికి చెప్పింది: ఏ చాంబరుకైనా వెళ్ళు, ఏ అంతస్తుకైనా ఎక్కు, ఎక్కడికి పోతున్నావో ఇక్కడ ఒక్కరికీ చెప్పకు. ఎర్ర గడి నొక్కి రా. బుల్లయ్య ఆమెను ఎగాదిగా చూసి, తలపాగా చుట్టుకుని, కంబళి తీసుకుని వెళ్ళాడు. కంప్రెసర్ల రొదలో అందరూ తెర వైపే చూస్తున్నారు. కొంతసేపటికి తెర మీద లైను పడింది: 10.4.1.10.

"చదవండి సార్," అంది మహిమ.

"నాలుగో చాంబరు. ఒకటో అంతస్తు," అన్నాడు చైతన్యకృష్ణ.

"ఆయన వెళ్ళింది ఒకటో చాంబరు, నాలుగో అంతస్తు."

అంది గానీ, చూపు వరండా మీదే ఉంది. బుల్లయ్య పైకెక్కకుండా ఇంకెవరిచేతనైనా నొక్కించి, ఎక్కడో సరిగ్గా చెప్పలేకపోతే? వయసు మనిషి అంతంత మెట్లు ఎక్కుతాడా? గడప దగ్గర ముస్తాక్ కూడా మొదటిసారి తల తిప్పి, వరండా చివరికి చూశాడు.

బుల్లయ్య రొప్పుతూ వచ్చాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, ఊపిరి పీల్చుకుని, "కిందవి నొక్కితే కనిపెట్టేస్తారని పైకెక్కా. ఒకటో చాంబరు, నాలుగో అంతస్తు. నా మోకాళ్ళు పోయినయ్," అన్నాడు.

చైతన్యకృష్ణ తను కూడా ఒకసారి వెళ్ళొస్తానని కంబళి అడిగాడు. ఆయన వెళ్ళొచ్చాకా అంతే, తారుమారు. అప్పుడు మహిమ అందరూ చూస్తుండగా ఆ లైను తెరిచి, గుర్తు చివర ఒక్క 'హెచ్' చేర్చి, ఆ ముక్కను మళ్ళీ కూర్చి పెట్టెలోకి ఎక్కించింది. ఈసారి ఆయన ఎక్కడ నొక్కితే అక్కడి చిరునామాయే తిన్నగా వచ్చింది.

"అయితే శనివారం..." అన్నాడు.

"రెండో చాంబరు, పైఅంతస్తు. వచ్చి చూడండి."

అందరూ ఎక్కారు. కప్పు కింద తలలెత్తి నిలబడ్డారు. వాళ్ళను చాలాసేపు కాయించి ఒక చుక్క పడింది, తెర వెలిగింది. బకెట్టు పెట్టింది ఎవరని చైతన్యకృష్ణ అడిగాడు. వెనకనుంచి ముస్తాక్ అన్నాడు: "నేనే సార్. కప్పు కారుతోందని వానలకు ముందే మీకు చెప్పా. సీజనయ్యాక చూద్దామన్నారు. నా చేతనైంది బకెట్టే."

అందరూ కిందికి దిగారు.

ఆఫీసులో చైతన్యకృష్ణ కంప్లయింటు కాగితం నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. సొరుగులోంచి తాళాల గుత్తి తీసి ముస్తాక్ ముందు పెట్టాడు. ముస్తాక్ దాన్ని ముట్టుకోలేదు.

"ఇక్కడ వద్దు సార్. కాటా దగ్గర తీసుకున్నారు, కాటా దగ్గరే ఇవ్వండి."

చైతన్యకృష్ణ మొహం ఎర్రబడింది. కాసేపు టేబుల్ అంచు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి, గుత్తి తీసుకుని, తనే ముందు నడిచాడు. కాటా మీద లారీ ఆపించి హమాలీలను, గుమస్తాలను, రైతుల్ని పిలిపించాడు. ముస్తాక్ తప్పేమీ లేదని, పొరబడింది తానని, ఎత్తిన గొంతుతో చెప్పాడు. ఆ గొంతు ఆయనకు అలవాటు లేనిది.

"కప్పు సంగతి కూడా చెప్పండి సార్," అన్నాడు ముస్తాక్.

"కప్పు కారుతోందని ఇతను చెప్పినా నేను పట్టించుకోలేదు. పాడైన సరుకుకు పూచీ నాది. రేపే కప్పు పని మొదలవుద్ది."

అప్పుడు ముస్తాక్ చెయ్యి చాచాడు. గుత్తి తీసుకుని బెల్టుకు తగిలించుకున్నాడు. కొక్కెం ఈసారి టక్కున పడింది. బుల్లయ్య దగ్గరికొచ్చి, "టీ తాగుదాం రా ముస్తాకూ," అన్నాడు. "నువ్వే పోయించాలి," అన్నాడు ముస్తాక్. జనంలో నవ్వు లేచింది. మూడు రోజుల్నుంచీ ఆ ఆవరణలో ఎవరూ నవ్వలేదు.

మహిమ త్రినాథ్‌కు ఫోను చేద్దామనుకునేలోపే చైతన్యకృష్ణ చేశాడు. ఆమె పక్కనే ఉండగా మాట్లాడాడు. మీ పెట్టెలో తప్పుందని మీ అమ్మాయే వచ్చి చెప్పింది, అందుకే పెట్టె ఉంచుతున్నాను, ఇకమీదట దాని మీద ఈ అమ్మాయి తప్ప ఎవరూ చెయ్యి వేయకూడదు అన్నాడు. తర్వాత ఫోను మహిమకిచ్చాడు. త్రినాథ్ ఈ మార్పును అసలు కెర్నెల్‌కే పంపితే మనకూ మంచి పేరొస్తుందేమో చూడమన్నాడు, ఆ ఆలోచన తనదే అయినట్టు. మహిమ సరే సార్ అంది.

ఆ సాయంత్రమే రాయడం మొదలుపెట్టింది. మార్పు ఒక్క అక్షరం. వివరణ మాత్రం చాలాసార్లు చెరిపి రాసింది. ఏ తప్పు వల్ల ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. కింద, ఆ తప్పును వెలుగులోకి తెచ్చిన మనిషి పేరు రాసే ఆనవాయితీ ఒకటుంది. అక్కడ ఆగి, ముస్తాక్‌కు ఫోను చేసి, పేరు పెట్టొచ్చా అని అడిగింది. పెట్టెను మొదట అబద్ధాలకోరని అన్నది మీరే కదా అంది. అతను ఇంగ్లీషులో ఒక్కో అక్షరం చెప్పి రాయించాడు. ఊరు కూడా రాయమన్నాడు. ఊరు రాసే చోటు లేదంటే, వివరణలో ఎక్కడైనా ఇరికించమన్నాడు.

కెర్నెల్‌లో ఆ భాగాన్ని చూసుకునే పెద్దమనిషి ఏ దేశంలో ఉంటాడో మహిమకు తెలియదు. గురువారం ఆయన దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. శీర్షిక కాస్త కుదించమన్నాడు. పాత కెర్నెళ్ళలోనూ ఈ తప్పుంది, వాటికీ పంపుతానన్నాడు. ఆమె కుదించి పంపింది. శనివారం పొద్దున ఒకే వాక్యం వచ్చింది: చేర్చుకున్నాను, కృతజ్ఞతలు.

మహిమ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళేసరికి ముస్తాక్ రెండో చాంబరు కప్పు మీద ఉన్నాడు. తారు కరిగిస్తున్న పొగలో, రేకులు పరిచే మనుషులకు ఎక్కడెక్కడ అతుకు వేయాలో అరిచి చెబుతున్నాడు. ఆమె ఇనుప నిచ్చెన ఎక్కి, చెప్పులు తారుకు అంటుకుంటుంటే జాగ్రత్తగా నడిచి వెళ్ళి, ఫోనులో ఆ వివరణ చూపించింది.

అతను చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకుని ఫోను అందుకున్నాడు. ఎండకు తెర కనపడక చెయ్యి అడ్డం పెట్టుకుని, తన పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. తర్వాత పైన వివరణలో గుంటూరు అన్న మాట కోసం వెతికాడు. ఉంది.

"ఇది ఇట్టాగే ఉంటదా? రేపెవరైనా తీసెయ్యరా?"

"ఆ లైను పనికిరాదని మార్చేసినా, ఎవరు పట్టుకున్నారన్నది చరిత్రలో ఉండిపోతుంది. నేను కూడా తీయలేను."

ముస్తాక్ ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. కప్పు అంచుకు వెళ్ళి కిందికి చూశాడు. కాటా మీద టిక్కీల లారీ ఉంది. హమాలీలు బస్తాల మీద కూర్చుని టీ తాగుతున్నారు. తన కాయను ఎండలో ఆరబోయిస్తూ బుల్లయ్య అక్కడే తిరుగుతున్నాడు. ముస్తాక్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఒక్క ఈల వేశాడు. తలలన్నీ పైకి లేచాయి.

"చదవమ్మా," అన్నాడు. "మొదట్నుంచీ చదువు. తెలుగులో చెప్పు, అందరికీ అర్థమవ్వాల."

మహిమ అంచు దాకా వెళ్ళి, గొంతెత్తి చదివింది.